ఆదివారం సాయంత్రం చోడి బిస్కెట్లు



ఇక్కడ ఇంతవరకు వ్యాధుల గురించి, పరీక్షల గురించి, మందుల గురించే ఎక్కువగా వ్రాశాను. ఈసారి బిస్కెట్లు చేయడం గురించి వ్రాస్తున్నాను. "బేకరీ తిండి తగ్గించండి" అని ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వాసుపత్రి ఓ.పి.లో కూర్చుని చెప్పిన మనిషి ఇప్పుడు బిస్కెట్ల మీద వ్యాసం వ్రాయడమేమిటని మీకు నవ్వు రావచ్చు. కారణం మా ఇంట్లోనే ఉన్నది.

బేకింగ్ అనగానే అది పరాయి విద్య అన్న భావన మనలో చాలామందికి ఉన్నది. మూసిన పాత్రలో కిందనుండీ పైనుండీ కూడా వేడి తగిలేలా కాల్చడమే బేకింగ్. నా బాల్యంలో, గోదావరి జిల్లాలోని మా ఇంట్లో, మా అమ్మ దిబ్బ రొట్టెను అలాగే కాల్చేది. మినపప్పు రుబ్బి, బియ్యపు రవ్వ కలిపి, కుంపటి మీది మందపాటి మూకుడులో పోసి, మూత మీద కూడా నిప్పులు పేర్చేది. అది కాలేదాకా ఎవరూ మూత తీయరాదు. పిల్లలమంతా కుంపటి చుట్టూ కూర్చుని వాసనను బట్టి ఎంత కాలిందో వాదించుకునేవాళ్ళం. పైన, అడుగున ఎర్రగా కరకరలాడుతూ, నడుమ మెత్తగా ఉండే ఆ రొట్టెను ముక్కలు చేసి చెరకు పానకంతో పెట్టేది. ఓవెన్ అన్న మాట ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలు ఏజెన్సీ ప్రాంతపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గడిచాయి. అక్కడి సిస్టరు గారు క్రిస్మస్ పండుగకు ఇసుకలో కేకు కాల్చేవారు. పెద్ద గిన్నెలో ఇసుక, దాని మీద కేకు గిన్నె, పైన మూత. ఆవిడ దగ్గరే నా శ్రీమతి ఆ పని నేర్చుకున్నది. ఆ తరువాత ఏ ఊరికి బదిలీ అయినా, వేసవి సెలవుల్లో మా పిల్లలిద్దరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని ఇసుక కేకు చేసేది. ఇదంతా నేను చూసి చెబుతున్నది కాదు, విని చెబుతున్నది. మలేరియా జ్వరాలు, కాన్పులు, మెడికో లీగల్ కేసులు ముగించుకుని రాత్రి ఇల్లు చేరేసరికి నా వాటా ముక్క గిన్నె కింద మూసి ఉండేది. పిల్లలు నిద్రపోయి ఉండేవారు.

రెండేళ్ళ క్రితం నా శ్రీమతికి పక్షవాతం వచ్చింది. సకాలంలో వైద్యం అందడం వల్ల మాట, నడక చాలావరకు నిలిచాయి. ఎడమ చేయి మాత్రం వెనుకబడిపోయింది. పక్షవాతం తరువాత మొదటి మూడు నాలుగు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది, ఆపైన నెమ్మదిస్తుంది. అప్పుడే ఒక చిక్కు వస్తుంది. రోగి అన్ని పనులూ మంచి చేతితోనే కానిచ్చేస్తుంటాడు, బలహీనపడిన చేయి ఒడిలో ఊరకే పడి ఉంటుంది. కొద్దిగా శక్తి మిగిలి ఉన్నా దాన్ని వాడని అలవాటు స్థిరపడిపోతుంది. కనుక ఫిజియోథెరపిస్టు రబ్బరు బంతి ఇచ్చి రోజుకు ఇన్నిసార్లు నొక్కమన్నారు. ఆమె రెండు వారాలు నొక్కి, బంతిని తలగడ కిందికి తోసేసింది. నేను గుర్తుచేస్తే, "నొక్కితే ఏమొస్తుందండీ? బంతి బంతిలాగే ఉంటుంది" అన్నది. డాక్టరుగా నా దగ్గర సమాధానాలు చాలా ఉన్నాయి. భర్తగా ఒక్కటీ తోచలేదు.

మా అమ్మాయి ఇల్లు మాకు రెండు వీధుల అవతల. దాని అటక మీద పెట్టె కూడా విప్పని చిన్న కరెంటు ఓవెన్ ఒకటి ఉన్నది. ఒక ఆదివారం పదేళ్ళ మనవరాలు దాన్ని తండ్రి చేత మా ఇంటికి మోయించుకొచ్చి, "అమ్మమ్మా, నువ్వు మా అమ్మకు చేసినట్టు నాకూ చెయ్యి" అన్నది. నా శ్రీమతి తన ఎడమ చేయి చూపించింది. "నీకు చేయి లేదా? నా చేయి ఉందిగా, నువ్వు చెప్పు" అన్నది ఆ పిల్ల. అలా మొదలైంది.

కేకు కంటే బిస్కెట్లు తేలికని అమ్మమ్మే నిర్ణయించింది. కొలతలు వ్రాస్తాను, మీరూ ప్రయత్నించండి. చోడిపిండి, అంటే రాగిపిండి, 100 గ్రాములు. గోధుమపిండి 100 గ్రాములు. బెల్లం తురుము 80 గ్రాములు. వెన్న 90 గ్రాములు. బేకింగ్ పౌడరు అర టీస్పూను. నాలుగు యాలకులు, చిటికెడు ఉప్పు. చోడిపిండిని సన్నని సెగ మీద ఐదు నిమిషాలు వేయించి చల్లార్చాలి, లేకుంటే పచ్చివాసన వస్తుంది. వెన్న, బెల్లం బాగా కలిపి మెదిపి, పిండ్లు చేర్చి, రెండు మూడు చెంచాల పాలతో ముద్ద చేయాలి. చోళ్ళలో గ్లూటెన్ ఉండదు. వాటితో మాత్రమే చేస్తే బిస్కెట్టు చేతిలోనే పొడి అవుతుంది, అందుకే గోధుమపిండి. ఉసిరికాయంత ఉండలు చేసి, బొటనవేలితో నొక్కి, ముందే వేడిచేసిన ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర 15 నుండి 18 నిమిషాలు ఉంచాలి. బయటికి తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారాక గట్టిపడతాయి. ఉడకలేదనుకుని మా అల్లుడు మొదటి వాయిని మళ్ళీ లోపల పెట్టి బొగ్గు చేశాడు.

ఓవెన్ లేనివారు మందపాటి పాత గిన్నెలో రెండు వేళ్ళ మందాన ఉప్పు గాని శుభ్రమైన ఇసుక గాని పోసి, దానిలో చిన్న స్టాండు పెట్టి, మూతవేసి పది నిమిషాలు వేడిచేసి, ఆపైన పళ్ళెం ఉంచి సన్నని సెగ మీద 20, 25 నిమిషాలు కాల్చవచ్చు. ప్రెషర్ కుక్కర్‌లో చేసేవారు రబ్బరు, విజిల్ తప్పక తీసివేయాలి. అయితే నీళ్ళు లేకుండా వేడిచేస్తే కుక్కర్ పాడవుతుంది. పాత గిన్నే మేలు.

ఇక పిండి కలిపే పని. మనవరాలు పళ్ళెం పట్టుకుంటే, అమ్మమ్మ కుడిచేత్తో కలిపేది. "రెండో చేయి కూడా పెట్టమ్మమ్మా, ముద్ద జారిపోతోంది" అన్నది ఆ పిల్ల, ఏ వైద్యమూ తెలియకుండానే. ఆమె ఎడమ చేతిని ఎత్తి ముద్ద మీద పెట్టింది. ఆ చేయి నొక్కలేదు, ఊరకే ఆనింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. రబ్బరు బంతితో మేము సాధించలేనిది అదే కదా అనిపించింది. ఆ ముద్దను నొక్కితే బిస్కెట్టు వస్తుంది, దాని కోసం ఆరేళ్ళ మనవడు పక్కనే కాచుకుని ఉన్నాడు.

ఆ గుమ్మం దగ్గర ఇంకొకటి కూడా తోచింది. మా పిల్లల చిన్ననాటి ఇసుక కేకులన్నీ ఇలాగే జరిగి ఉంటాయి. అప్పుడు గుమ్మంలో కూడా నేను లేను. చేతులు కడుక్కుని వెళ్ళి కూర్చున్నాను. ఉండలు చుట్టే పని నాకు అప్పగించారు. నా ఉండలు సమంగా రావని ఇప్పటికీ ఫిర్యాదు.

ఇవి ఆరోగ్యకరమైన బిస్కెట్లా అని అడుగుతారు. కొంతవరకే. 100 గ్రాముల చోడిపిండిలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, నిజమే. కాని ఒక్కొక్క బిస్కెట్టులో సుమారు 3 గ్రాముల బెల్లం, దాదాపు అంతే వెన్న, మొత్తం 65 కేలరీల వరకు ఉంటాయి. బెల్లం కాబట్టి మధుమేహులు తినవచ్చన్నది భ్రమ. రక్తంలో చేరేది చక్కెరే. నాకు పన్నెండేళ్ళుగా మధుమేహం. నా వాటా రెండు, ఆ రోజు సాయంత్రం మరి వేరే ఫలహారం లేదు. ఇంట్లో చేసుకోవడంలో లాభమల్లా ఏ కొవ్వు ఎంత పడిందో మనకు తెలియడమే. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతానికి మించరాదని 2022 నుండి మన దేశంలో నిబంధన ఉన్నది. అయినా వీధి చివర దొరికే ప్రతి బిస్కెట్టుకూ నేను హామీ ఇవ్వలేను. రక్తపోటు ఉన్నవారు వంటసోడా విషయంలో జాగ్రత్త వహించాలి. ఒక టీస్పూను సోడాలో 1,200 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది. రోజంతటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 2,000 మిల్లీగ్రాములు. పచ్చి పిండిని పిల్లలు నాకకుండా చూడండి. గుడ్డు కలిపితే మరీను.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. నాలుగో ఆదివారం, ఓవెన్ నుండి తీసిన పళ్ళేన్ని జరపబోయి నా శ్రీమతి ఎడమ చేత్తో అంచు పట్టుకున్నది. చేయి వెనక్కు తీసుకోలేదు. మనవరాలు కేక పెట్టింది. పక్షవాతం వచ్చిన చేతిలో స్పర్శ కూడా తగ్గిపోవచ్చు, వేడి తెలియకపోవచ్చు. కుష్ఠురోగులకు, మధుమేహులకు, "మొద్దుబారిన చర్మానికి మీ కళ్ళే కాపలా" అని వందలసార్లు చెప్పిన వాణ్ణి. నా వంటింట్లో ఆ సంగతి మరిచాను. వెంటనే ఆమె వేళ్ళను కుళాయి కింద 20 నిమిషాలు ఉంచాము. పనిమనిషి పరుగున టూత్‌పేస్టు తెచ్చింది, వద్దన్నాను. ఐసు, సిరా, పేస్టు ఏవీ కాలిన చోట పూయరాదు, చల్లని నీరే మందు. రెండు వేళ్ళకు బొబ్బలు లేచి పది రోజులకు మానాయి. ఇక చేయనంటుందేమోనని భయపడ్డాను. మరుసటి ఆదివారం ఆమే ముందుగా పిండి జల్లెడ పట్టుకుని కూర్చున్నది. ఆనాటి నుండి ఓవెన్ తలుపు తెరవడం మా అల్లుడి పని. పళ్ళెం చల్లారేదాకా ఆమెకు గాని పిల్లలకు గాని అందనంత దూరంలో ఉంటుంది.

ఆమె చేయి బిస్కెట్ల వల్ల బాగుపడిందని నేను అనను. ఫిజియోథెరపీ మానలేదు, మందులు మానలేదు. రక్తపోటు వారానికి రెండుసార్లు చూస్తున్నాను. అయితే, ఎడమ బొటనవేలితో నొక్కే పని ఆమె ఎవరికీ ఇవ్వడం లేదు. మొదట్లో ఆమె నొక్కిన బిస్కెట్ల మీద గుంట కనీకనిపించనట్టు ఉండేది, ఇప్పుడు చూడగానే తెలుస్తున్నది. మనవడు వాటినే ఏరుకుంటాడు, వాటిలో వెన్న ఎక్కువ ఉంటుందని వాడి నమ్మకం.

వచ్చే ఆదివారం దిబ్బ రొట్టె అట. మా అమ్మ చేసినట్టే చేస్తానని, నానిన పప్పును రెండు చేతులతోనూ తానే పిసికి పొట్టు కడుగుతానని అన్నది. ఛాయ పప్పు పనికిరాదు, పొట్టు మినపప్పే కావాలని చీటీ వ్రాసి ఇచ్చింది. ఎండ ముదరకముందే బజారుకు వెళ్ళి రావాలి.