ఒట్టి యూఎక్స్‌తో ఉద్యోగం వస్తుందా, పిన్నీ?

పోయిన నెలలో ఒక శుక్రవారం పొద్దున్న పెనం మీద పెసరట్టు ఉండగా తెనాలి నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. బీటెక్ ఆఖరి సంవత్సరం.

"పిన్నీ, హైదరాబాద్‌లో ఆర్నెల్ల యూఎక్స్ కోర్సు ఉంది. లక్షన్నర అడుగుతున్నారు. నాకు కోడింగ్ ఇష్టం లేదు, బొమ్మలు వేయడం రాదు. ఒట్టి యూఎక్స్ చేస్తే సౌదీలో ఉద్యోగం వస్తుందా? నీకు వచ్చిందిగా!"

వెనక నుంచి అక్క గొంతు: "ఉన్నదున్నట్టు చెప్పవే. నా గొలుసు బ్యాంకులో పెట్టాలి."

అట్టు మాడిపోయింది. సాయంత్రం మాట్లాడతానని పెట్టేశాను. గొలుసు అనేసరికి నోటికొచ్చిన మాట చెప్పాలంటే భయమేసింది.

నాకు వచ్చింది, నిజమే. ఎలా వచ్చిందో మాత్రం ఇంట్లో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు.

హైటెక్ సిటీలో నేను చేసింది అచ్చంగా యూఎక్స్ పని. యాప్ వాడేవాళ్ల దగ్గర కూర్చుని ఎక్కడ తడబడుతున్నారో చూడటం, ప్రశ్నలు అడగటం, ఏ తెర తర్వాత ఏ తెర రావాలో కాగితం మీద గీయడం. రంగులు, అక్షరాలు, బటన్ల అందం చూసుకోవడానికి పక్కన యూఐ వాళ్లుండేవారు. 'యూజర్ ఎక్స్‌పీరియన్స్' అన్న మాటను 1993లో ఆపిల్‌లో తన హోదాగా పెట్టుకున్నది డాన్ నార్మన్. పెద్ద కంపెనీలో పుట్టిన మాట కదా, పెద్ద కంపెనీల్లోనే ఒంటరిగా బతకగలదు. ఈ సంగతి నాకు రియాద్ వచ్చాకే తెలిసింది.

మా ఆయన ఉద్యోగం మీద 2016 చివర్లో ఇక్కడికి వచ్చాను. చేతికిచ్చిన ఇఖామా మీద అరబిక్‌లో ఒక ముక్క ఉంది: పని చేయడానికి అనుమతి లేదు. మీలో చాలామంది ఇఖామాల మీదా అదే ఉంటుంది. మొదట్లో పట్టించుకోలేదు. 2017 జూలైలో ఇంట్లో ఆధారపడిన వాళ్లకి తలకి నెలకి వంద రియాళ్ల ఫీజు మొదలైంది. ఏటా వంద పెరుగుతూ 2020కి నాలుగు వందలయింది. నాకూ ఇద్దరు పిల్లలకీ కలిపి నెలకి 1,200 రియాళ్లు. మా బిల్డింగులో తెలుగు కుటుంబాలు ఒక్కొక్కటీ సామాను సర్దుకుని, ఆడవాళ్లనీ పిల్లల్నీ ఊరికి పంపేశాయి. మా ఇంట్లోనూ ఆ మాట వచ్చింది. నేను వెళ్లనన్నాను. ఉండాలంటే సంపాదించాలి.

అప్పటికి ఇక్కడ డిజైనర్లకి గిరాకీ బాగానే ఉంది. విజన్ 2030 ప్రకటించాక సర్కారు పనులన్నీ ఒకటొకటిగా ఫోన్లోకి వచ్చేశాయి. కివా, కరోనా రోజుల్లో తవక్కల్నా. 2021లో డిజిటల్ ప్రభుత్వానికని ప్రత్యేకంగా ఒక సంస్థే పెట్టారు. బ్యాంకులు, ఫుడ్ డెలివరీలు, కొత్త స్టార్టప్‌లు వీటికి అదనం. అన్నిటికీ డిజైనర్లు కావాలి. ప్రకటనలు తీస్తే మాత్రం అన్నిటా 'యూఐ/యూఎక్స్' అనే ఉండేది. ఆ మధ్యలో గీత ఉందే, నా రెండేళ్లు ఆ గీత దగ్గరే ఆగిపోయాయి.

ఒక ఇంటర్వ్యూలో మేనేజరు నా పోర్ట్‌ఫోలియో మొత్తం తిరగేసి, "అంతా కాగితాలూ మాటలే ఉన్నాయి. స్క్రీన్లు ఏవి?" అన్నాడు. నేను చేసేది స్క్రీన్లకి ముందు జరిగే పని అని వివరించాను. మర్యాదగా విన్నాడు. "మా టీమ్‌లో డిజైనర్ ఒక్కరే. ఆ ఒక్కరే అన్నీ చేయాలి" అన్నాడు. మరోచోట రెండే ప్రశ్నలు: అరబిక్ వచ్చా? ఇఖామా ఎవరి పేరు మీద ఉంది? రెంటికీ నా జవాబు వాళ్లకి నచ్చేది కాదు.

కోపం వచ్చింది కానీ తర్వాత నిదానంగా ఆలోచిస్తే వాళ్లదీ తప్పు కాదనిపించింది. సౌదీ మనుషులతో మాట్లాడి వాళ్ల ఇబ్బంది పట్టుకోవాలంటే వాళ్ల భాష రావాలి. నితాఖాత్ 2011 నుంచే ఉంది. ఇప్పుడు సౌదీ అమ్మాయిలే డిజైన్ చదివి ఆఫీసులకి వస్తున్నారు. ఒక సౌదీ గృహిణి పక్కన కూర్చుని ఆమె ఫోను చూడాల్సిన పని వాళ్లకి రావడమే న్యాయం. నాలాంటిదానికి మిగిలేది స్క్రీన్లు గీసే పని. అది నాకు రాదు.

నా దారి వేరే చోట దొరికింది. 2020 కర్ఫ్యూలో మా బిల్డింగు డ్రైవరు, జగిత్యాల వైపు అబ్బాయి, ఇంటికి డబ్బు పంపే కౌంటరుకి వెళ్లలేక ఫోను పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడేవాడు. "గిదేమడుగుతున్నదో జర సూడరాదు అక్కా" అనేవాడు. నేను ఫోను తీసుకోలేదు. పక్కన నిలబడి, అతనే నొక్కుతుంటే చూశాను, అలవాటు ఊరుకోదు కదా. పాస్‌పోర్టులో 'ప'తో ఉన్న అతని పేరు ఇఖామా అరబిక్‌లో 'బ' అయింది, అరబిక్‌లో 'ప' లేదు మరి. యాప్‌లో ఏది కొట్టాలో అతనికి తెలియదు. డబ్బు వెళ్లాక రసీదుని రెండు స్క్రీన్‌షాట్లు తీసి వాట్సాప్‌లో భార్యకి పంపేవాడు, ఒక తెరలో పట్టదు కనుక. ఆవిడకి కావలసింది ఒక్కటే అంకె: చేతికి ఎన్ని రూపాయలొస్తాయి. అది రెండో ముక్కలో, అడుగున ఉండేది.

తర్వాత పక్క ఫ్లాటులో పనిచేసే అమలాపురం ఆమెనీ, బత్తాలో శుక్రవారాలు కలిసే మరికొందరినీ అడిగి, మా ఆయన్ని తోడు తీసుకెళ్లి, ఒక నోటుబుక్కు నింపాను. ఎవరూ అడగని పని, పైసా రాని పని. 2022లో డబ్బు పంపే యాప్ చేస్తున్న ఒక చిన్న కంపెనీకి ఆ నోటుబుక్కే చూపించాను. తెలుగు, హిందీ, మన హైదరాబాదీ ఉర్దూ మాట్లాడుతూ ఆడవాళ్ల దగ్గర కూడా కూర్చోగలిగే మనిషి వాళ్లకి లేరు. తీసుకున్నారు, ఇఖామా తమ పేరుకి మార్చుకున్నారు. కానీ మొదటి రోజే చెప్పారు, స్క్రీన్లు కూడా నువ్వే గీయాలని.

ఆ ఏడాది రాత్రిళ్లు పిల్లలు పడుకున్నాక ఫిగ్మా నేర్చుకున్నాను. అరబిక్‌లో తెర మొత్తం కుడి నుంచి ఎడమకి తిరగాలి. వెనక్కి వెళ్లే బాణం తిరుగుతుంది, ఫోన్ నంబరు తిరగకూడదు, వీడియో ప్లే గుర్తు తిరగకూడదు. నేను ముచ్చటపడి అన్నీ తిప్పేశాను. టీములో సౌదీ అమ్మాయి చూసి చాలాసేపు నవ్వింది, తర్వాత ఆమే కూర్చోబెట్టి నేర్పింది. ఇప్పుడు నాకు వంకరటింకరగా అరబిక్ చదవడం వచ్చు. నా కార్డు మీద హోదా 'ప్రోడక్ట్ డిజైనర్'. నన్ను ఉద్యోగంలోకి తెచ్చిన రెండక్షరాలు దాని మీద లేవు. ఇప్పటికీ కొంచెం బాధే.

సాయంత్రం అక్క కూతురికి ఇదంతా చెప్పాను. ఒట్టి యూఎక్స్ అని రాసుకుని కొత్తగా వచ్చేవాళ్లకి ఇక్కడ తలుపు తీసేవాళ్లు నాకైతే కనిపించలేదన్నాను. స్క్రీన్లు గీయడానికి ఇప్పుడు ఏఐ కూడా వచ్చింది, అందుకని ఒట్టి యూఐని నమ్ముకోమనీ చెప్పలేను. రెండూ నేర్చుకో, కోడింగ్ అంటే మొహం తిప్పుకోకు, అరబిక్ ఇప్పుడే మొదలుపెట్టు, మొదటి ఉద్యోగం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చూసుకో అన్నాను. గొలుసు మాత్రం ఇప్పుడే తీయొద్దన్నాను.

"మరి నాకు యూఎక్స్ పనికొస్తుందో లేదో ఎట్లా తెలుస్తుంది పిన్నీ?"

"రేపు అమ్మమ్మ చేత ఫోన్లో కరెంటు బిల్లు కట్టించు. నువ్వు ఏమీ చెప్పకు, వేలు పెట్టకు. ఊరికే చూసి రాసిపెట్టు."

మర్నాడు రాత్రి ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్ వచ్చింది. అమ్మమ్మ సర్వీసు నంబరు దగ్గర మూడుసార్లు ఆగిందట. ఓటీపీ వచ్చేసరికి కళ్లజోడు వెతుక్కుందట. కట్టేశాక కూడా నమ్మకం కుదరక, పక్కింటికెళ్లి "నా బిల్లు పోయిందా?" అని అడిగొచ్చిందట. చివర్లో అక్క గొంతు వినిపించింది: "ఇదేమన్నా ఉద్యోగమంటే?"