నీట మునిగిన ఊరి పేరు

ఇంగ్లండులో థాకరే అరుదైన ఇంటిపేరు. మన ఇంటిపేర్లు చాలావాటిలాగే అదీ ఊరిని బట్టే వచ్చింది. యార్క్‌షైర్‌లో థాక్రే అనే చోటు ఉండేది. పాత నార్స్ భాషలో ‘థాక్’ అంటే ఇంటికప్పుకు వేసే రెల్లు, ‘వ్రా’ అంటే మూల. రెల్లు కోసుకునే ఆ మూల ఇప్పుడు ఫ్యూస్టన్ జలాశయం అడుగున ఉంది. శ్రీశైలం ముంపు ఊళ్లు గుర్తొచ్చి మనసు కలుక్కుమంటుంది. చోటు పోయినా పేరు ఓడలెక్కి మన దాకా వచ్చింది. నవలాకారుడు విలియం మేక్‌పీస్ థాకరే 1811లో పుట్టింది కలకత్తాలోనే. ఆయన పెదనాన్న విలియం థాకరే అంతకు ముందే దత్తమండలాల కలెక్టరు థామస్ మన్రో కింద ఆదోనిలో శిస్తు వ్యవహారాలు చూశాడు. దత్తమండలాల చరిత్ర చదివేటప్పుడు ఆ పేరు కనబడితే, దాని వెనకున్న ఊరినీ ఒకసారి తలచుకోండి.