వంగింది ముందు, విరిగింది వెనక



ఈసారి మన సంఘం వ్యాను గురించి రాస్తున్నాం. ఆ వ్యాను విషయంలో మేము ఒక సహోదరుని ఎడల తప్పు చేశాం. అది మీలో చాలామంది ఎదుటే జరిగింది గనుక, మీ ఎదుటే ఒప్పుకోవడం న్యాయం.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీరు కొల్లేరులోకి దిగిన రోజులు మీకు గుర్తే. ఏలూరు–కైకలూరు రోడ్డు మీద చినఎడ్లగాడి దగ్గర నీరు పారింది. నీరు తీశాక లంక గ్రామాలకు బియ్యం బస్తాలు, దుప్పట్లు వేసుకుని మన వ్యాను చాలాసార్లు తిరిగింది. తోలింది మన యౌవనస్థుల్లో ఒక తమ్ముడు. జీతం లేదు, పగలంతా చేపల చెరువు మీద పని, సాయంత్రం ఈ సేవ.

ఆ నెలాఖరుకి బండి కుడివైపుకి వాలినట్టు కనిపించింది. ముందు చక్రానికీ పై రేకుకీ మధ్య ఎడమవైపు నాలుగు వేళ్లు పడితే, కుడివైపు మూడే పట్టాయి. ఒక రాత్రి చీకట్లో కుడి చక్రం పెద్ద గోతిలో పడిందని ఆ తమ్ముడే వచ్చి చెప్పి ఉన్నాడు. మేము రెండూ కలిపేసుకున్నాం. గొయ్యి కుడివైపు, వాలింది కుడివైపు, ఇంకేం కావాలి?

ఆదివారం ఆరాధన అయ్యాక, లెక్కలు చదివేటప్పుడు, "బండి దేవుని సొత్తు, కాస్త చూసి తోలాలి కదా తమ్ముడూ" అన్నాం. మాట మెత్తగానే ఉంది. కానీ అందరూ అతనివైపు తిరిగి చూశారు. అతను తల వంచుకున్నాడు. మరుసటి రోజు తాళాలు మా ఇంట్లో అమ్మగారి చేతికిచ్చి వెళ్లాడు. తరువాత మూడు ఆదివారాలు మందిరానికి రాలేదు.

మేము కానుకల డబ్బుతో ముందువైపు షాకబ్జర్లు రెండూ కొత్తవి వేయించాం. బండి అలాగే వాలి ఉంది.

అప్పుడు ఎవరో చెబితే తాడేపల్లిగూడెంలో లారీల కమాన్లు కట్టే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన పానా కూడా పట్టుకోకుండా, "అయ్యగారూ, ముందు దీన్ని కాటా మీదికి ఎక్కించండి" అన్నారు. బరువు చూడటానికనుకున్నాం. కాదు. "మన రోడ్లు నల్లరేగడి మీద వేసినవి. వానకి ఉబ్బుతాయి, ఎండకి కుంగుతాయి. వంకర నేల మీద నిలబెట్టి బండి వంకరంటే ఎలా? కాటా పలక మట్టంగా ఉంటుంది" అన్నారు.

బండిలో సామానంతా దింపించారు. నాలుగు టైర్లలో గాలి సరిచేశారు. తరువాత టేపు తీసి, ఒక్కో చక్రం నడిబొడ్డు నుంచి పై రేకు అంచు వరకు కొలిచారు. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల కూడా లెక్కలోకి వచ్చేస్తుందట. ముందు కుడివైపు ఎడమకంటే ఒకటిన్నర సెంటీమీటరు తక్కువ. వెనక కుడివైపు నాలుగు సెంటీమీటర్లు తక్కువ. వెనక మేము ఎన్నడూ వేలు పెట్టి చూడలేదు.

తరువాత ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక ఇరుసుకి సరిగ్గా మధ్యన జాకీ వేసి లేపారు. వెనక చక్రాలు రెండూ నేల వదిలాయి. అప్పుడు ముందు కొలిస్తే రెండు వైపులా ఒకటే! "చూశారా, ముందు ఏ రోగమూ లేదు. వెనక కుడి కాలు కుంగి, ముందు భుజాన్ని కూడా లాగింది" అన్నారు.

మేము సిగ్గుపడి కొత్త షాకబ్జర్ల సంగతి చెప్పాం. ఆయన నవ్వలేదు. "షాకబ్జరు బండిని మొయ్యదండీ. ఊగకుండా పడుతుంది, అంతే. మోసేది కమాను" అన్నారు.

వెనక కుడి కమాను మీద కొల్లేటి బురద గట్టిపడి ఉంది. గీకించి, కట్ట విప్పితే, సెంటర్ బోల్టు పక్కనే రెండో పట్టా విరిగి ఉంది. ఆ ముక్క మా చేతిలో పెట్టారు. విరిగిన చోట ముప్పాతిక భాగం ఎర్రగా తుప్పు, చివర కొంచెం మాత్రం తెల్లగా మెరుస్తోంది. తుప్పు పట్టింది పాత పగులు, మెరిసేది కొత్తగా విడిన భాగం. అంటే ఆ రాత్రి గోతికి ఎంతో ముందే అది లోపల చీలుతూ వచ్చింది.

"ఎప్పుడూ కుడివైపే బరువు వేస్తారా?" అని అడిగారు.

అవును. తలుపు ఎడమవైపు ఉంది గనుక మనుషులు ఎక్కడానికి అడ్డం లేకుండా జనరేటరు, సౌండు బాక్సులు, బస్తాలు అన్నీ వెనక కుడిమూలకే పెట్టించేవాళ్లం. సంవత్సరాలుగా పెట్టించింది మేమే. తమ్ముడు కాదు.

కొల్లేటి పక్కన పుట్టినవాళ్లకు ఈ పాఠం కొత్త కాకూడదు. పొలంలో నీరు నిలిస్తే మనం ఆ పొలాన్ని తిట్టం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు. అక్కడ పూడిక పడితే ఇక్కడ ముంపు. నీటి విషయంలో అంత దూరం ఆలోచించే మేము, మనిషి విషయంలో కళ్లెదుట కనబడిన దగ్గరే ఆగిపోయాం.

యెహోషువ గ్రంథం 22వ అధ్యాయం ఒకసారి చదవండి. యొర్దాను దగ్గర రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు బలిపీఠం కట్టారని విని, మిగిలినవారు షిలోహులో యుద్ధానికి కూడుకున్నారు. కానీ కత్తి దూయకముందు ఫీనెహాసును, పదిమంది ప్రధానులను పంపి అడిగించారు. అడిగితే తెలిసింది, అది తిరుగుబాటు కాదు, సాక్ష్యం కోసం కట్టినదని. ఆ ఒక్క ప్రయాణం ఎన్నో ప్రాణాలు కాపాడింది. మా ఇంటి నుంచి ఆ తమ్ముడి చెరువు ఎంతో దూరం లేదు. మేము ఆ కొద్ది దూరం వెళ్లి అడగలేదు.

కమాన్లు రెండు వైపులా కట్టించాం. ఒకవైపే కొత్తది వేస్తే బండి ఇటునుంచి అటు వాలుతుందని ఆ పెద్దాయన చెప్పారు. ఆ సాయంత్రమే విరిగిన ముక్క తీసుకుని చెరువు గట్టుకు వెళ్లాం. మేము నోరు తెరవకముందే, "అయ్యగారూ, బండి బాగయిందా?" అన్నాడు. ఆ మాటకి మాకు కన్నీళ్లు ఆగలేదు.

తరువాతి ఆదివారం, ఏ లెక్కల సమయంలో ఆ మాట అన్నామో అదే సమయంలో నిలబడి క్షమాపణ అడిగాం. షాకబ్జర్ల డబ్బు మా జేబు నుంచి కానుకల పెట్టెలో వేశాం. తమ్ముడు ఇప్పుడు మందిరానికి వస్తున్నాడు. తాళాలు మాత్రం ఇంకా తీసుకోలేదు. మేము తొందరపెట్టడం లేదు. జనరేటరు మాత్రం ఇప్పుడు ఇరుసు మీదికి, మధ్యన పెడుతున్నాం.

ప్రియులారా, మీ ఇంట్లో గాని సంఘంలో గాని ఒకరు కుంగినట్టు కనిపిస్తే, ముందు మీరు నిలబడిన నేల మట్టంగా ఉందో లేదో చూసుకోండి. బరువు దింపి చూడండి. ఆ బరువు ఎవరు పెట్టారో అడగండి. తీర్పు ఆ తరువాత.

ప్రభువు మనందరికీ అట్టి ఓర్పు దయచేయును గాక. ఆమేన్.