యజమాని సంతకం



తెలుగువారి వాడుకలో 'యజమాని' అంటే స్వంతదారుడు. ఇంటికైనా, పొలానికైనా, పశువుకైనా, వాహనానికైనా ఎవరి స్వత్వం ఉంటే వాడే యజమాని. వైదిక వ్యవహారంలో ఈ శబ్దం అర్థం వేరు. యజమానుడంటే యాగం చేసేవాడు. హవిస్సు అగ్నిలో పడిన క్షణంలోనే 'ఇది నాది కాదు' అని త్యాగవాక్యం పలకవలసినవాడు. 'నాది' అనేవాడికీ, 'నాది కాదు' అనేవాడికీ మన భాష ఒకే పేరు పెట్టింది. పాఠశాలలో విద్యార్థులకు ఈ విశేషాన్ని ఎన్నోసార్లు చెప్పి నవ్వించాను. దానిని నిలిచి ఆలోచించే అవకాశం మాత్రం ఒక మోటారు సైకిలు వల్ల కలిగింది.

నేను కోనసీమలో ఒక శివాలయ అర్చకుణ్ణి. నా దగ్గర దూరయాత్రలకు అనువైన మోటారు సైకిలు ఒకటి ఉన్నది. అర్చకుడికి అంత బండి ఎందుకని అడిగినవారు ఉన్నారు. నాకు ఎనభై రెండు పన్నాలు సంత చెప్పిన గురువుగారు మార్కాపురం ప్రాంతంలో ఒక పల్లెలో ఉంటారు. వారికి ఇప్పుడు ఎనభై ఆరేళ్లు. రెండు నెలలకొకసారి వారి ఎదుట కూర్చుని కొన్ని పన్నాలు ఆవృత్తి చేసుకుంటాను. స్వరం ఎక్కడ జారినా వారి చూపుడువేలు లేస్తుంది. మా ఊరికీ ఆ పల్లెకూ సుమారు 300 కిలోమీటర్ల దూరం. ప్రాతఃకాలార్చన ముగించి బయలుదేరితే సాయంసంధ్యకు అక్కడ ఉండగలను. మరునాటి రాత్రికి మళ్లీ మా స్వామి సన్నిధికి చేరగలను. ఆ ఒక్కరోజు మా తమ్ముడి కొడుకు ఆలయం చూసుకుంటాడు. బస్సులు, రైళ్లు మారుతూ పోతే మూడు రోజులు పడుతుంది.

ఇది ఒక కారణం. బండి నడపడం నాకు ఇష్టం కావడం రెండవ కారణం. వినుకొండ దాటిన తర్వాత రెండు పక్కలా ఎర్రనేల, దూరాన నల్లమల నీలిరేఖ కనబడుతుంటే మనసులో పదపాఠం తనంత తానే నడుస్తుంది. శిఖను నడినెత్తిన ముడివేస్తే హెల్మెట్ పట్టదు గనుక మెడమీదికి దించి కడతాను. దిగేసరికి విభూతిరేఖలు మూడూ ఒకటై ఉంటాయి. చూసినవారు నవ్వితే నవ్వుతారు.

ఈ బండిని 2021 ఆషాఢంలో కొన్నాను. మూడేళ్లు లేక 30,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ. కొన్ననాటి నుండి ఒక పుస్తకంలో దీని దినచర్య రాస్తున్నాను. తిథి, మీటరు అంకె, పెట్రోలు, చైనుకు నూనె పెట్టిన రోజు, టైర్లలో గాలి, కూలెంటు మట్టం. అగ్నిహోత్రికి అగ్ని ఎంత జాగ్రత్తో యంత్రం ఉన్నవాడికి యంత్రం అంత జాగ్రత్త. చైను వదులు పరీక్షించడం, స్పోకులను వేలితో మీటి శబ్దం వినడం నాకు శ్రమ అనిపించదు. బిగువు తప్పిన స్పోకు అపస్వరంలా పలుకుతుంది, చెవి ఇట్టే పట్టుకుంటుంది.

శోభకృత్ సంవత్సర కార్తికంలో, అంటే 2023లో, గురువుగారి దగ్గర నుండి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాను. ఆ అడవిదారిలో రాత్రివేళ ద్వారాలు మూసివేస్తారు కనుక వేకువనే బయలుదేరాను. ఘాట్ ఎక్కిన తర్వాత చూస్తే కూలెంటు మట్టం కనిష్ఠరేఖ దగ్గర ఉంది. నేలమీద చుక్క తడి లేదు. సంస్థ నిర్దేశించిన ద్రవమే కొని పోశాను. ఇంటికి వచ్చేసరికి మళ్లీ తగ్గింది. పది రోజుల తర్వాత ఇంజను పక్కనున్న చిన్న గాజు కిటికీలోంచి చూస్తే నూనె పాలు కలిపిన కాఫీ రంగులో కనబడింది. నీరు నూనెలో కలుస్తున్నదని ఆ రంగు చెబుతుంది. అలాంటి నూనెతో నడిపితే బేరింగులు అరిగిపోతాయి. ఆ రోజు నుండి తాళంచెవి ముట్టుకోలేదు. సుబ్రహ్మణ్య షష్ఠి మరునాడు, డిసెంబరు 19న, ఒక చిన్న లారీలో ఎక్కించి సర్వీసు కేంద్రానికి చేర్చాను. మీటరు 21,460.

జాబ్ కార్డు మీద బండి స్థితి, గీతలు, పెట్రోలు, మీటరు అంకె అన్నీ రాసి 'యజమాని సంతకం' అన్నచోట సంతకం పెట్టమన్నారు. నాకు యాజ్ఞవల్క్యస్మృతిలోని ఉపనిధి ప్రకరణం స్ఫురించింది. మూసి, ముద్రవేసి, లోపల ఏమున్నదో చెప్పకుండా దాచమని ఇచ్చేది ఉపనిధి. చూపించి, లెక్కపెట్టి ఇచ్చేది నిక్షేపం. జాబ్ కార్డు నిక్షేపపత్రమే. దాచుకున్నవాడు ఆ వస్తువును తన ఇష్టానికి వాడుకుంటే దండ్యుడు, వృద్ధితో సహా తిరిగి ఇవ్వాలి. అందుకే మీటరు అంకెను రెండుసార్లు చూసి సంతకం చేశాను.

చలికాలపు చెమ్మ నూనెలో చేరి తెల్లబడి ఉంటుందని మొదట అన్నారు. దగ్గరి దూరాలు మాత్రమే తిరిగే బండ్లలో అలా జరిగే మాట నిజమే. కానీ ఆరువందల కిలోమీటర్లు తిరిగి వచ్చిన ఇంజనులో ఆ చెమ్మ ఆవిరైపోదా? నా పుస్తకం తెరిచి, మట్టం తగ్గిన మూడు తేదీలూ చూపించాను. అప్పుడు నీటిపంపు సీళ్లు మార్చి, నూనె మార్చి, పంతొమ్మిదవ రోజున బండి సిద్ధమన్నారు. నా కోరిక మీద దూరంగా నడిపి చూశారు. మట్టం మళ్లీ తగ్గింది. ఈసారి ఇంజను విప్పారు. సిలిండరు హెడ్ మీద సమతలపు పట్టీ నిలిపి, దాని కిందికి సన్నని రేకులు జొనిపి కొలిచారు. హెడ్ ఉపరితలం వంగి ఉంది. గాస్కెట్ ఎన్నిసార్లు మార్చినా అక్కడ నీరు ఆగదు. కొత్త హెడ్ రావాలి, అందుకు సంస్థ అనుమతి కావాలి.

ఇక నిరీక్షణ. ఫోటోలు పంపారు. వేరే కూలెంటు పోశారా అని సంస్థ అడిగింది. బిల్లులు పంపాను. ప్రతి సర్వీసూ సమయానికే చేయించారా అని మళ్లీ అడిగింది. ఆ ముద్రలూ పంపాను. అయిదు వారాలకు హెడ్ వచ్చింది. పెట్టె విప్పితే అది పాత నమూనా బండిది. తిప్పి పంపారు.

బండి విప్పిన కుర్రవాడికి ఇరవై అయిదేళ్లు ఉంటాయేమో. విప్పిన ప్రతి బోల్టునూ అట్టముక్క మీద గీసిన బొమ్మలో దాని స్థానంలోనే గుచ్చి పెట్టాడు. అంత శ్రద్ధ కొందరు ఋత్విక్కులలోనూ చూడలేదు. లోపం అతని చేతిలో లేదు. శ్రౌతయాగంలో బ్రహ్మ అనే ఋత్విక్కు ఉంటాడు. అతడు దాదాపు మౌనంగా కూర్చుని, అందరూ చేసేది గమనిస్తూ, ఎక్కడ భ్రేషం కలిగితే అక్కడ ప్రాయశ్చిత్తం విధిస్తాడు. ఇక్కడ అనుమతి ఒకచోట, గిడ్డంగి ఒకచోట, మరమ్మతు ఒకచోట. మొత్తం కర్మను చూస్తున్నవాడు ఒక్కడూ లేడు.

ఈ రోజులలోనే మా ఆలయానికి వచ్చే ఒక పెద్దమనిషి నాకు హితవు చెప్పారు. ఆయన వేదాంతోపన్యాసాలు శ్రద్ధగా వింటారు. "స్వామీ, మీరే ఇలా ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే మాబోటివాళ్ల సంగతేమిటి? ఇనుపముక్క కోసం ఇంత తాపత్రయమా? ఈశ్వరార్పణం అనుకుని వదిలేయండి" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. ఆ మాటను మాత్రం నేను అంగీకరించను. అర్చకుడు, వైదికుడు అనగానే నష్టాన్ని చిరునవ్వుతో భరించాలనే అభిప్రాయం లోకంలో ఉన్నది. దానికి వైరాగ్యం అని పేరు పెడతారు.

యాగమంటే దేవతను ఉద్దేశించి చేసే ద్రవ్యత్యాగం అని మీమాంసకులు నిర్ణయించారు. త్యాగం కావాలంటే ద్రవ్యం మీద ముందు స్వత్వం ఉండాలి. విశ్వజిద్యాగంలో సర్వస్వాన్నీ దక్షిణగా ఇవ్వాలి. మరి తల్లిదండ్రులను ఇవ్వాలా, రాజైతే భూమండలాన్ని ఇవ్వాలా అనే విచారం జైమినిసూత్రాల ఆరవ అధ్యాయంలో ఉంది. ఇవ్వరాదు, తన స్వత్వం ఉన్నదే ఇవ్వాలి అని సిద్ధాంతం. ఆ స్వత్వమైనా శాస్త్రం వల్ల మాత్రమే తెలిసేదా, లౌకికమా అని ప్రశ్నించుకుని, లౌకికమే అని మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు తేల్చాడు. లౌకికమైనదానికి లౌకికప్రమాణాలే కావాలి. అవి పత్రం, తేదీ, బిల్లు, సాక్ష్యం. నాకు చేయవలసిన పని చేయకుండా ఎగవేయబోతే, విసిగి వదిలేయడం త్యాగం కాదు. అది పోగొట్టుకోవడం. పోగొట్టుకున్నదానికి ఈశ్వరుడి పేరు పెట్టి ఆయనకు సమర్పించడం నాకు అపచారంగా తోచింది.

అందువల్ల ఉత్తరాలు రాశాను. మొత్తం నాలుగు. నాలుగవదానిలో 2019 వినియోగదారుల రక్షణ చట్టాన్ని పేర్కొన్నాను. 1915 అనే జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేయబోతున్నానని కూడా రాశాను. చేయవలసిన అవసరం రాలేదు.

నడుమ పుష్యమాసంలో ఒకసారి, మాఘంలో ఒకసారి గురువుగారి దగ్గరికి రైలులో వెళ్లాను. మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి, బస్సెక్కి, చివరి నాలుగు కిలోమీటర్లు నడిచాను. మాఘంలో వెళ్లినప్పుడు వారు బాగా నీరసించి ఉన్నారు. పడుకునే విన్నారు. వేలు లేవవలసినచోట కనురెప్ప కదిలింది. నేను గమనించి దిద్దుకున్నాను. రెండు పన్నాలు చెప్పేసరికి తిరుగు బస్సు వేళ అయింది. అదే బండి ఉంటే నాలుగు పన్నాలు చెప్పేవాణ్ణి. ఆ రెండు పన్నాలను ఏ వారంటీ తిరిగి ఇస్తుంది? కోపం వచ్చినది ఆ ఒక్కరోజే. తిరుగు బస్సులో నాలుగవ ఉత్తరం మనసులో రాసుకున్నాను.

బయలుదేరబోతుంటే గురువుగారు, "ఏమిరా, బండి ఏమైంది?" అన్నారు. చెప్పాను. హెడ్ అంటే ఏమిటన్నారు. ఇంజనుకు శిరస్సు వంటిదన్నాను. ఆయన ముఖం వికసించింది. "ప్రవర్గ్యం చెప్పుకున్నావు కదా, మరిచావా? తల తెగిన యజ్ఞంతో దేవతలకు ఫలం దక్కలేదు. అశ్వినులు వచ్చి తల తిరిగి పెట్టారు. ఊరికే పెట్టారా? మాకూ సోమంలో భాగం కావాలని ముందే అడిగి పుచ్చుకున్నారు. అడగవలసింది అడగడంలో దేవతలకే సిగ్గు లేదు" అని నవ్వారు. నవ్వుతోనే దగ్గు వచ్చింది. కాసేపటికి తేరుకుని, "మీ వైద్యులు మాత్రం మరీ నిదానస్థులురా" అన్నారు.

శివరాత్రి వెళ్లిన మూడవ రోజున, ఫాల్గుణ శుద్ధ పాడ్యమి నాడు బండి చేతికి వచ్చింది. ఎనభై మూడు రోజులు. మీటరు 21,538. డెబ్బై ఎనిమిది కిలోమీటర్లకు లెక్క అడిగాను. ఆ కుర్రవాడు జాబ్ కార్డు తిప్పి, మూడు పరీక్షాప్రయాణాలు తేదీలతో సహా చూపించాడు. నిక్షేపాన్ని తన కోసం వాడుకుంటే దోషం కానీ, నిక్షేపం కోసమే వాడితే దోషం ఏముంది? తృప్తి కలిగింది.

చివర ఒక కాగితం ముందు పెట్టారు. వారంటీలో మార్చిన పాత భాగం మీద యజమానికి హక్కు ఉండదు, అది సంస్థకే చెందుతుంది అని దాని సారాంశం. పాత హెడ్‌ను ఒకసారి చూస్తానన్నాను. ఆ కుర్రవాడు గుడ్డలో చుట్టి తెచ్చి బల్లమీద పెట్టాడు. మసి తుడిచి, వంగినచోట రేకు జొనిపి చూపించాడు. వెంట్రుకవాసి సందు. శ్రీశైలం ఘాట్ మూడుసార్లు ఎక్కిన లోహం అది. నా పుస్తకంలోని 21,460 కిలోమీటర్లూ దానివే. 'యజమాని సంతకం' అన్నచోట సంతకం పెట్టాను. ఈసారి ఆ శబ్దం నాకు కేవలం తెలుగులో వినబడలేదు.

వ్యాకరణంలో ఒక సూక్ష్మం ఉన్నది. యజధాతువుకు రెండు పదాలూ ఉన్నాయి. ఫలం తనకు చెందితే ఆత్మనేపదం, అందుకే 'యజమాన' శబ్దం. దక్షిణ కోసం ఇతరులకు చేయించే ఋత్విక్కుకు పరస్మైపదం. వారంటీ పని గనుక ఆ కుర్రవాడికి నేను ఇవ్వవలసిన రుసుము లేదు. దక్షిణ లేని కర్మ నాకు సమ్మతం కాదు. సంచిలోని స్వామివారి ప్రసాదం, పండ్లు, ఒక పంచె ఇచ్చాను. డబ్బు వద్దన్నాడు, పంచె తీసుకున్నాడు. "పంతులుగారూ, ఆ పుస్తకం ఒకసారి ఇస్తారా? ఫోటో తీసుకుంటాను. మా కస్టమర్లకు చూపించాలి" అన్నాడు.

చైత్రంలో గురువుగారి దగ్గరికి బండి మీదే వెళ్లాను. వారు కొంత కోలుకుని గోడకు ఆనుకుని కూర్చున్నారు. అయిదు పన్నాలు చెప్పాను. వేలు రెండుసార్లు లేచింది. గాజు కిటికీలో నూనె తేనెరంగులో ఉంది. కూలెంటు మట్టం వినుకొండలో ఒకసారి, మార్కాపురంలో ఒకసారి చూశాను, కదలలేదు. చైను మాత్రం సాగింది. పళ్లచక్రాలతో సహా మార్చవలసి ఉంటుంది. అది వారంటీలోకి రాదు.