కార్ల ఆఖరి మజిలీ

రాత్రి ఇంటిముందు నిలిపిన కారు తెల్లారేసరికి లేదు. చుట్టూ రాలిన ఆకులు, మధ్యలో కారంత మేర శుభ్రమైన నేల, రెండు ఆయిల్ మరకలు... అంతే! ఢిల్లీలో అలా కారు పోగొట్టుకున్న ఇంటివాళ్ళకు ఇరుగుపొరుగు చెప్పే పేరు ఒకటుండేది. అదే సోతీగంజ్.

ఢిల్లీకి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో ఉంది మీరట్. 1857 మే 10న సిపాయిల తిరుగుబాటు మొదలైన ఊరు. కత్తెరలకూ క్రికెట్ బ్యాట్లకూ పేరున్న ఆ నగరంలో సోతీగంజ్ ఒక పేట. ఒకప్పుడు పాత ఇనుము కొనేవాళ్ళ వీధి. తర్వాత్తర్వాత వాహనాల విడిభాగాలకు పెట్టింది పేరైంది. ఇరుకు సందులు, గోడలకు ఆనించిన కారు తలుపులు, గుట్టలుగా టైర్లు, ఆయిల్ పీల్చి నల్లబడ్డ నేల. తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌కు బ్రేకులు కావాలన్నా, తాతలనాటి విల్లీస్ జీపుకు గేరుబాక్సు కావాలన్నా అక్కడ దొరకాల్సిందేననేవారు. పాత బండిని ప్రాణంగా చూసుకునేవారికి అది కల్పవృక్షమే. కానీ ఆ గుట్టల్లో కాలం తీరిన బండ్లే కాదు, నిన్నటిదాకా పిల్లల్ని బడిలో దింపినవీ ఉండేవి!

ముక్కలైతేనే లాభం

కారును కారుగానే అమ్మాలంటే దొంగకు కాగితాలు కావాలి. ఛాసిస్ మీద, ఇంజిన్ మీద నంబర్లు చెక్కి ఉంటాయి. అదే విప్పేస్తే? సీటుకు, బంపరుకు, స్టీరింగుకు సాధారణంగా అలాంటి గుర్తేమీ ఉండదు. ఆనవాలు పట్టిచ్చే ముక్కల్ని కోసి తుక్కులో కలిపేస్తే సరి. మిగతావన్నీ విడివిడిగా అమ్ముడైపోతాయి. మొదటి జీతంతో కొన్నారా, అమ్మాయి పెళ్ళికి పూలతో అలంకరించారా... ఆ ముక్కలు ఏమీ చెప్పవు. యజమాని వెతుక్కుంటూ అక్కడిదాకా వెళ్ళినా వంద తలుపుల్లో తనదేదో ఎలా పోల్చుకోగలడు?

తాళంచెవి కూడా మిగలదు

బాధపడుతూ కూర్చునే వీలు కూడా ఉండదు. వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేసి ఎఫ్ఐఆర్ తీసుకోవాలి. బీమా సంస్థకు, రవాణా కార్యాలయానికి తెలపాలి. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే దొంగతనానికి పైసా రాదు. సమగ్ర బీమా ఉన్నా, కారు ఆచూకీ దొరకలేదని పోలీసులు నివేదిక ఇచ్చేదాకా ఆగాలి. వచ్చేది కొన్న ధర కాదు, పాలసీలో రాసుకున్న విలువ. నాలుగేళ్ళు దాటి అయిదేళ్ళలోపు కారైతే లెక్కలో సగం ధర తరుగు కిందే పోతుంది. పైగా రెండు తాళంచెవులూ బీమా సంస్థకే ఇచ్చేయాలి. ఇంట్లో గుర్తుగా ఉంచుకుందామనుకున్న ఆ ఒక్కటీ మిగలదు. అందుకే కొందరు బీరువాలోంచి రెండో తాళంచెవి తీసేటప్పుడే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు.

మూతపడ్డ సందులు

2021లో ఉత్తరప్రదేశ్ పోలీసులు సోతీగంజ్‌పై గట్టిగా దృష్టిపెట్టారు. గ్యాంగ్‌స్టర్ల చట్టం కింద కేసులు పెట్టి, కోట్ల రూపాయల ఆస్తులు జప్తు చేశారు. ఆ డిసెంబరులో విడిభాగాల దుకాణాలు మూతపడ్డాయి. తర్వాత కొందరు వ్యాపారులు బట్టల దుకాణాలు తెరిచారు. సక్రమంగా పాత సామాను అమ్ముకునేవారూ, రెంచి పట్టుకోవడం తప్ప మరో పని తెలియని కూలీలూ వాళ్ళతోపాటే దారి వెతుక్కోవాల్సివచ్చింది.

ఒక పేట మూతపడినంత మాత్రాన కారు దొంగతనాలు ఆగిపోలేదు. సగం ధరకు అద్దమో హెడ్‌లైటో దొరుకుతుందంటే ఏ ఊళ్ళోనైనా ‘ఎక్కడిది’ అని అడిగేవారు తక్కువే. దొంగసొత్తని తెలిసి కొన్నవారికి మూడేళ్ళవరకు జైలుశిక్ష పడొచ్చని చట్టం చెబుతోంది. మెకానిక్ ‘చవగ్గా తెప్పిస్తా’ అన్నప్పుడు బిల్లు అడిగితే చాలు. ఇవ్వలేనంటే, ఆ అద్దం ఏ ఇంటిముందు నుంచి వచ్చిందో ఒక్కసారి ఆలోచించాలి. ఆ ఇంట్లోనూ ఎవరో పొద్దున్నే తలుపు తీసి, ఖాళీ నేలవైపు చూస్తూ నిలబడే ఉంటారు.