కుట్టుమిషను నూనె

మా అమ్మీ కుట్టుమిషను పక్కన చిన్న ప్లాస్టిక్ సీసాలో ఎప్పుడూ నూనె ఉంటుంది. తలుపు కిర్రుమంటే రెండు చుక్కలు, తాళం తిరక్కపోతే రెండు చుక్కలు, ఫ్యాను మూలిగితే రెండు చుక్కలు. మా ఇంట్లో సగం మరమ్మతులు ఆ సీసాతోనే అయిపోతాయి. ఆ ఆదత్‌తోనే ఈమధ్య నేనొక గల్తీ చేశాను. అది నా బేగం ప్రాణం మీదికీ, బిటియా ప్రాణం మీదికీ వచ్చింది. షరమ్‌గానే ఉంది, అయినా చెప్తున్నాను. ఇది చదివేవాళ్లలో చాలామంది ఇళ్లలో ఇలాంటి సీసా ఒకటి ఉంటుంది కాబట్టి.

మేముండేది పలాసలో. మూడేళ్ల కింద ఒక చిన్న కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. పాత మాలిక్‌ది సముద్రం ఒడ్డు. కారు షెడ్డు లేకుండా ఉప్పుగాలిలోనే ఏళ్ల తరబడి నిలబడింది. పైన రంగు బాగానే ఉంది కానీ, లోపల స్క్రూలన్నీ తుప్పు తలలతో కనిపించేవి. ధర తక్కువ కదా అని సర్దుకున్నాం.

ఆ కారుని ఇద్దరం నడుపుతాం. నేను దాదాపు ఆరడుగులు, బేగం ఐదడుగులకి ఓ అంగుళం ఎక్కువ. స్టీరింగ్ కింద ఒక లీవర్ ఉంటుంది. దాన్ని కిందికి దించితే స్టీరింగ్ పైకీ కిందికీ కదులుతుంది, పైకి లాగితే అక్కడే బిగుసుకుంటుంది. ఆమె పొద్దున బడికి వెళ్లేటప్పుడు కిందికి దించుకుంటుంది, సాయంత్రం నేను పైకి జరుపుకుంటాను. రోజుకి రెండుసార్లు ఆ లీవర్‌కి పని.

మొన్న చలికాలంలో లీవర్ బిగుసుకుపోయింది. "సునియే, ఇది నా వల్ల కావట్లేదు, కాస్త చూడండి" అంది బేగం. నేను డాష్‌బోర్డు కింద తల దూర్చి, ఫోను లైటు వేసుకుని, తుప్పు కనిపించిన ప్రతిచోటా కుట్టుమిషను నూనె పోశాను. రెండు చుక్కలు కాదు, సగం సీసా. లీవర్ వెన్నలా కదిలింది. షాబాష్ అని నాకు నేనే చెప్పుకున్నాను.

పది రోజులకి బేగం అంది: "గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ కొంచెం దిగుతున్నట్టుంది." లీవర్ సరిగ్గా బిగించి ఉండవు అన్నాను. తర్వాత నా చేతికీ తెలిసింది ఆ చిన్న కదలిక. చూద్దాంలే అనుకున్నాను. వార్త ఆలస్యమైతే పరుగెత్తే మనిషిని, ఇంటి పనికి మాత్రం "చూద్దాంలే".

ఆ ఆదివారం నాకు మూలపేట పోర్టు మీద వార్త రాసే పని పడింది. ముందు భావనపాడు పోర్టు అని పిలిచి, 2023 ఏప్రిల్ 19న మూలపేట పేరుతో శంకుస్థాపన చేసిన పోర్టు అది. సెలవు కదా అని బేగం, బిటియా కూడా బయల్దేరారు. దారిలో తేలినీలాపురంలో ఆగి గూడబాతుల్నీ ఎర్రకాళ్ల కొంగల్నీ చూశాం. భావనపాడు రేవులో పడవల దగ్గర బిటియా గంటసేపు ఆడుకుంది.

తిరిగొచ్చేటప్పుడు నేను పక్క సీట్లో కూర్చుని ఫోన్లో వార్త టైపు చేస్తున్నాను. స్టీరింగ్ దగ్గర బేగం, వెనక బిటియా. నౌపడ వైపు, రోడ్డుకి రెండు పక్కలా ఉప్పుమడులు. మలుపులో ఎదురుగా కంకర లారీ. బేగం కారుని ఎడమకి తీసింది. చక్రం గుంతలో పడింది. స్టీరింగ్ దబ్బున ఆమె ఒళ్లో పడింది.

తొడలకీ స్టీరింగ్‌కీ మధ్య ఆమె వేళ్లు ఇరుక్కున్నాయి. మలుపు తిప్పాలంటే తిరగదు. "యా అల్లాహ్!" అంటూ ఒక చేత్తో స్టీరింగ్‌ని పైకి ఎత్తిపట్టి బ్రేకు తొక్కింది. లారీ పక్కనుంచి వెళ్లిపోయింది. కారు ఆగేసరికి ముందు చక్రం గట్టు అంచున ఉంది, కింద ఉప్పునీళ్లు. ఎవరికీ ఏమీ కాలేదు, అల్‌హందులిల్లాహ్. బేగం నన్ను ఒక్క మాట అనలేదు. "ముందే చెప్పానుగా" అని కూడా అనలేదు. అనుంటే నాకు తేలిగ్గా ఉండేది.

కాసేపటికి ఎవరో ఒక వెల్డింగ్ కుర్రాణ్ణి పిలిచారు. "రెండు టాకాలు ఏసేత్తే మరింక కదల్దు బాబూ" అన్నాడు. గంటలో పని, ఖర్చు కొన్ని వందలు. నేను సరే అనబోయాను. బేగం అడిగింది: "టాకాలు ఎవరి ఎత్తుకి వేయిస్తారు?"

నా దగ్గర జవాబు లేదు. కారుని బండికెక్కించి కాశీబుగ్గలో నాకు తెలిసిన పెద్ద మెకానిక్ దగ్గరికి చేర్చాం. ఆయన కింద కవరు విప్పి, వేలితో తుడిచి చూసి, "ఇందుల ఏటి పోసీసినారు బాబూ?" అన్నాడు. చెప్పాను. తల కొట్టుకున్నాడు.

నాకు ఆ రోజు తెలిసింది ఇది. మా కారులో స్టీరింగ్ గొట్టం, అంటే కాలమ్, రాపిడి మీద ఆధారపడి నిలబడుతుంది. లీవర్ పైకి లాగినప్పుడు ఒక బోల్టు రెండు పక్కల రేకుల్ని గట్టిగా నొక్కుతుంది. ఆ నొక్కుడే దాని పట్టు. బ్రేకు మీద నూనె పోసినా, ఈ రేకుల మధ్య పోసినా ఒకటే. పైగా నూనెలో జారి జారి రేకులు నున్నగా అరిగిపోయాయి. ఆయన శుభ్రంగా తుడిచి నట్టు బిగించి చూశాడు. కాస్త సేపు ఆగింది, గట్టిగా ఊపితే మళ్లీ జారింది.

టాకాల సంగతి అడిగాను. కోపమొచ్చింది ఆయనకి. ఎదురుగా దేన్నైనా గుద్దితే ఈ కాలమ్ తనలోకి తాను కుంచించుకుపోవాలి, లేకపోతే డ్రైవర్ ఛాతీలో దిగుతుంది. పాత కార్లలో అలాగే ప్రాణాలు పోయేవి. అమెరికాలో జనరల్ మోటార్స్ 1967 మోడల్ కార్లకి ఇలా కుంచించుకునే కాలమ్‌లు పెట్టింది. తెలియకుండా టాకా వేస్తే ఆ కుంచించుకునే గుణం పోవచ్చు. పక్కనే ఎయిర్‌బ్యాగ్ వైర్లు, పవర్ స్టీరింగ్ మోటారు, వాటి మీద వెల్డింగ్ నిప్పు. పాత సామాన్ల కొట్టులో కాలమ్ దొరుకుతుందేమో అన్నాను. "గుద్దేసిన బండిదయితే అది ఒకసారి కుంచించుకుపోయినట్టే. పైకి మరి తెలీదు" అన్నాడు.

నాకు వెంటనే ఒక పాత వార్త యాదొచ్చింది. 2013లో స్టీరింగ్ కాలమ్‌లో లోపం ఉండొచ్చని మారుతి సుజుకి 1,492 కార్లని వెనక్కి పిలిచింది. వాటి కోసం అంత పెద్ద కంపెనీ కబురు పెట్టింది. నా ఇంట్లో ఉన్న ఒక్క కారు గురించి నా బేగం రెండు వారాల ముందే కబురు చెప్పినా నేను వినలేదు.

కొత్త కాలమ్ విశాఖ నుంచి తెప్పించాం. నా జీతంలో సగానికి పైనే అయింది. ఆయన పని నేను కూర్చుని చూశాను. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి, ఎయిర్‌బ్యాగ్ కరెంటు దిగేదాకా టీ తాగుతూ కూర్చున్నాడు. చక్రాలు తిన్నగా పెట్టి, ఎయిర్‌బ్యాగ్‌ని ముఖం పైకి ఉండేట్టు బల్ల మీద పెట్టి, గొట్టం కలిసే చోట సుద్దతో గీత పెట్టుకుని అప్పుడు విప్పాడు. బిగించాక కంప్యూటర్ తగిలించి స్టీరింగ్ సున్నా సరిచేశాడు. జల్దీ ఎక్కడా లేదు. నేను సగం సీసా పోయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇంటికొచ్చాక అమ్మీ అడిగింది: "మేరా తేల్ కహాఁ గయా?" చెప్పాను. సీసా తీసుకెళ్లి తన మిషను సొరుగులో పెట్టి తాళం వేసింది.

ఆ రాత్రి బేగంని మాఫీ అడిగాను. "కారు మీ ఒక్కరిదే కాదు, అందులో కూర్చున్న ప్రతివాళ్లూ మీ చేతిలో అమానతే" అంది, అంతే. మర్నాడు పొద్దున ఆమె సీట్లో కూర్చుని లీవర్ దించి, తన ఎత్తుకి స్టీరింగ్ పెట్టుకుని, బిగించి, రెండు చేతులతో గట్టిగా పైకీ కిందికీ ఊపి చూసింది. కదల్లేదు. బిస్మిల్లా అని బండి తీసింది. ఇప్పుడు నేనూ రోజూ అలాగే ఊపి చూసుకుని బయల్దేరుతున్నాను. మీరూ ఒకసారి చూసుకోండి. కొంచెమైనా కదిలితే, ఇంట్లో ఎవరైనా కదులుతోందని చెప్తే, ఆ రోజే చూపించండి.