కారు కింది చప్పుడు

పిల్లలూ! మీలో ఎంతమంది ఎడ్లబండి ఎక్కారు? ఎక్కినవాళ్ళకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. చక్రం రాయెక్కితే ఆ కుదుపు ఇరుసులోంచి తిన్నగా వచ్చి మన నడుముకు తగులుతుంది. ఎందుకంటే ఎడ్లబండిలో చక్రానికీ, మనం కూచునే చోటుకూ మధ్య మెత్తనిది ఏదీ లేదు. బండిలో గడ్డి పరిచి, దాని మీద బొంత వేసుకునేది అందుకే.

జట్కాబండి కొంత నయం. దానికి అడుగున ఇనప పట్టీలను విల్లులాగా వంచి కట్టేవారు. వాటిని కమాను కట్టలంటారు. కమాను అంటే విల్లే. నేటికీ లారీల కింద మీరు ఆ కట్టలు చూడవచ్చు. కారు దగ్గరికి వచ్చేసరికి ఈ ఏర్పాటు మరింత నాజూకైనది. కారు కింద స్ప్రింగులూ, కడ్డీలూ, కీళ్ళూ, రబ్బరు తొడుగులూ కలిసి పనిచేస్తాయి. చక్రం గోతిలో పడ్డా లోపలివాళ్ళకు ఆ దెబ్బ తగలకుండా చూస్తాయి. వీటన్నిటినీ కలిపి సస్పెన్షన్ అంటారు.

అది బాగున్నంత కాలం ఎవరూ దాన్ని తలుచుకోరు. చెడినప్పుడు మాత్రం చప్పుడు చేసి పిలుస్తుంది. మా కారు అట్లా పిలిచింది. ఆ పిలుపు ఎక్కడినుంచి వచ్చిందో మేము ఎట్లా కనుక్కున్నామో, మా ఇంటి వాకిట్లోనే దాన్ని ఎట్లా బాగుచేసుకున్నామో మీకు చెపుతాను.

మేముండేది విజయనగరంలో. నేను బళ్ళో సైన్సు చెపుతాను. మాది మారుతీ 800, 2005లో తయారైన కారు. ఈ రకం కారు మన దేశంలో 1983 డిసెంబరులో మొదటిసారి రోడ్డెక్కింది. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. మా అబ్బాయి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. అంటే ఆ కారు వాడికన్నా పెద్దది.

మా అమ్మ ఊరు సాలూరు దగ్గర. గజపతినగరం, రామభద్రపురం మీదుగా నెలకొకసారైనా అక్కడికి వెళ్ళి వస్తాము. సాలూరు దాటితే ఘాటు రోడ్డు. అది మెలికలు తిరుగుతూ కొండలెక్కి ఒడిశాలోని కోరాపుట్ వైపు పోతుంది. మా అప్పా, బావా ఉండేది కోరాపుట్‌లోనే. కిందటి వేసవి సెలవుల్లో పిల్లల్నీ, అమ్మనూ కారులో ఎక్కించుకుని అక్కడికి వెళ్ళాలని ఏర్పాటు.

ఆ ప్రయాణానికి నెలరోజుల ముందు కారు ముందు భాగం కింద చప్పుడు మొదలైంది. చిన్నచిన్న గతుకుల మీద ‘టక్ టక్’ అనేది. బ్రేకు తొక్కితే ఒక్కసారి ‘ధన్’మనేది. ఫోనులో ఈ మాట చెపితే మా బావ, “రేడియో కాస్త పెద్దది చేసుకోండి, వినబడదు!” అని నవ్వాడు. ఊళ్ళో ఒక షెడ్డులో చూపిస్తే, అక్కడి మనిషి కారు కిందికి వంగి అయినా చూడకుండా, షాక్ అబ్జార్బర్లు నాలుగూ మార్చాలన్నాడు.

మా వీధిలో ఒక ముసలి మేస్త్రీ ఉన్నాడు. సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. అక్కడి షెడ్లలో నలభై ఏళ్ళు పనిచేసి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఆయనతో సంగతి చెప్పాను.

“మేష్టారూ, సామాను తరవాత కొందురు గానీ, ముందు బండి ఏటంటందో ఇనండి. సప్పుడు ఎక్కడ పుడతందో తెలీకుండా ఏదీ మార్చీకండి,” అన్నాడాయన.

వినటానికి కూడా ఒక పద్ధతి ఉన్నది. చప్పుడు ఎప్పుడు వస్తున్నది? ఏ వైపు? ఎంత వేగంలో? ఒకసారా, పదేపదేనా? మా అమ్మాయి ఐదో తరగతి. అది ఒక నోటుపుస్తకం పట్టుకుని వారం రోజులు కారులో కూచుని ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబులు రాసింది. వారం గడిచేసరికి సంగతి తేలింది. ‘టక్ టక్’ ఎడమవైపు నుంచే వస్తున్నది, అది కూడా నెమ్మదిగా వెళ్ళేటప్పుడు. ‘ధన్’ మాత్రం బ్రేకు తొక్కినప్పుడే. అంటే ఇవి రెండు వేరు వేరు చప్పుళ్ళు! అన్నిటినీ ఒకటే అనుకుంటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

ఆ ఆదివారం మేస్త్రీ వచ్చాడు. మొదట కారు ముందు మూల మీద రెండు చేతులూ పెట్టి బలంగా నొక్కి వదిలాడు. కారు దిగింది, పైకి లేచింది, ఆగిపోయింది. “షాకులు బాగానే ఉన్నాయి,” అన్నాడు.

ఇది ఆయనకు ఎట్లా తెలిసింది? స్ప్రింగు మీద ఎంత బరువు పెడితే అంతకు తగ్గట్టు కుంగుతుంది. బరువు రెట్టింపైతే కుంగుడూ రెట్టింపౌతుంది. ఈ సూత్రాన్ని ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే శాస్త్రజ్ఞుడు 1678లో ప్రకటించాడు. ఐతే స్ప్రింగుకు ఒక దుర్గుణం ఉన్నది. వదిలితే అది ఊయలలాగా పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును చంపేది షాక్ అబ్జార్బరు. దానిలో నూనె ఉంటుంది. కారు ఊగినప్పుడల్లా ఆ నూనె సన్నని రంధ్రాలగుండా దూరిపోవలసి వస్తుంది. అట్లా దూరటంలో ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. నొక్కి వదిలిన కారు రెండు మూడుసార్లు ఊగితే షాక్ అబ్జార్బరు అరిగిందని అనుమానించాలి. మా కారు ఊగలేదు గనక నాలుగు షాకుల ఖర్చు తప్పింది.

తరవాత కారును పైకెత్తాలి. పిల్లలూ, ఇక్కడ ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి. జాకీ అనేది కారును ఎత్తటానికే గాని, నిలబెట్టి ఉంచటానికి కాదు. అది జారిందంటే కింద ఉన్న మనిషి బతకడు. మేస్త్రీ గట్టి చదునైన నేల చూసుకున్నాడు. వెనక చక్రాలకు అటూ ఇటూ దిమ్మలు పెట్టాడు. జాకీతో ఎత్తగానే కారు చట్రం కింద రెండు ఇనప స్టాండ్లు నిలిపి, బరువంతా వాటి మీదికి దించాడు. కారును ఊపి చూసి, కదలదని రూఢి చేసుకున్నాకే తల కింద పెట్టాడు. పిల్లలిద్దరికీ అరుగు దిగవద్దని ఆజ్ఞ! టార్చిలైటు అందించటానికి కూడా వాళ్ళను రానివ్వలేదు.

ఎడమ చక్రాన్ని గడియారమనుకోండి. పన్నెండు అంకె ఉండే చోట ఒక చెయ్యీ, ఆరు అంకె ఉండే చోట ఒక చెయ్యీ వేసి ఆయన అటూ ఇటూ ఆడించాడు. ‘టక్’! మా అమ్మాయి అరుగు మీద నుంచే, “అదే! అదే చప్పుడు!” అని కేకపెట్టింది. మా తమ్ముడు లోపల కూచుని బ్రేకు తొక్కి పట్టుకున్నాడు. అప్పుడూ చక్రం ఆడింది. బ్రేకు తొక్కినప్పుడు ఆట పోయి ఉంటే తప్పు చక్రం బేరింగులో ఉన్నట్టు. పోలేదు గనక తప్పు ఇంకా లోపల ఉన్నది.

అక్కడ ఏముందో చెపుతాను. చక్రాన్ని కిందివైపు నుంచి కారుకు పట్టి ఉంచేది ఒక ఇనప చెయ్యి. దాన్ని లోయర్ ఆర్మ్ అంటారు. చక్రంవైపు దానికి బాల్ జాయింటు ఉంటుంది. ఇది మన తుంటి కీలు వంటిదే. ఒక గిన్నె, అందులో తిరిగే ఒక బంతి. లోపల గ్రీజు, బయట దుమ్ము దూరకుండా రబ్బరు తొడుగు. మా కారులో ఆ తొడుగు చిరిగిపోయింది. గ్రీజు బయటికి పోయి, వాననీరూ ఇసకా లోపలికి చేరాయి. బంతి అరిగి గిన్నెలో వదులైంది.

మేస్త్రీ దాన్ని చూసి కాసేపు మాట్లాడలేదు. తరవాత, “మేష్టారూ, దీన్నిలాగే ఉంచీసి ఘాటెక్కుంటే ఏటయ్యేదో నోటితో అనకూడదు,” అన్నాడు. బంతి గిన్నెలోంచి ఊడివస్తే చక్రం పక్కకు ఒరిగిపోతుంది. అప్పుడు స్టీరింగు ఎటు తిప్పినా కారు మన మాట వినదు. మలుపులో ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ. అరుగు మీద కూచున్న పిల్లల్ని చూసి నా ఒళ్ళు జలదరించింది.

ఇక రెండో చప్పుడు. లోయర్ ఆర్మ్ రెండో కొస కారుకు ఒక రబ్బరు బుష్షుతో కలుస్తుంది. ఈ బుష్షు చూడటానికి చిన్నదే గాని దాని పని చాలా తమాషా ఐనది. ఒక ఇనప గొట్టం, దాని చుట్టూ రబ్బరు, రబ్బరు చుట్టూ ఇంకో గొట్టం. చెయ్యి పైకీ కిందికీ కదిలినప్పుడు మధ్యనున్న రబ్బరు మెలిపడి, మళ్ళీ విప్పుకుంటుంది. ఇనుమూ ఇనుమూ ఒకదానికొకటి తగలనే తగలవు. చెట్టు నుంచి వచ్చిన రబ్బరు ఎండకు జిగురై, చలికి పెళుసైపోతుంది. దాన్ని గంధకంతో కలిపి వేడిచేస్తే గట్టిపడి, సాగే గుణం నిలుస్తుందని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టి, 1844లో హక్కు పొందాడు. ఐనా ఏ రబ్బరూ చిరంజీవి కాదు. గాలీ, వేడీ, నూనె మరకలూ ఏళ్ళ తరబడి తగిలి అది ఎండి పగుళ్ళిస్తుంది.

మేస్త్రీ చిన్న పలుగు ఆనించి కదిపితే మా బుష్షు నోరు తెరిచింది. ముందు చక్రాలు రెంటికీ మధ్య అడ్డంగా పోయే స్టెబిలైజరు కడ్డీ ఒకటి ఉన్నది. ఈ కారులో బ్రేకు తొక్కినప్పుడు చక్రం వెనక్కు జరగకుండా కాచేది అదే. దాని కొసల రబ్బర్లు అరిగి పలచబడ్డాయి. బ్రేకు పడగానే కడ్డీ ఆ ఖాళీలో జరిగి ‘ధన్’మని గుద్దుకుంటున్నది. ఖాళీ వేలిగోరంత మందం కూడా లేదు!

ఆ వారం సామాను తెచ్చాము. బాల్ జాయింటూ బుష్షూ కూడి ఉన్న కొత్త లోయర్ ఆర్ములు రెండు, కడ్డీకి కొత్త రబ్బర్లు. మా గాలికి తుప్పుపట్టిన బోల్టులకు శనివారం రాత్రే నూనె పోసి నానబెట్టాము. ఆదివారం పొద్దున పానా వేసి తిప్పితే ఒక్కటి తప్ప అన్నీ లొంగాయి. ఆ ఒక్కదానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

కొత్త బాల్ జాయింటు కాడకు ఒక గాడి ఉంటుంది. అడ్డబోల్టు సరిగ్గా ఆ గాడిలోంచి పోవాలి. పోతేనే కాడ జారకుండా నిలుస్తుంది. మేస్త్రీ ఈ పని రెండుసార్లు చూసుకున్నాడు. స్ప్రింగును మాత్రం ఆయన ముట్టుకోలేదు. నొక్కుకుని ఉన్న స్ప్రింగు తగిన పనిముట్టు లేకుండా విప్పితే ఫిరంగి గుండులా లేస్తుంది. పెద్దలు కూడా ఆ పని ఇంట్లో పెట్టుకోకూడదు.

అంతా బిగిస్తారనుకున్నాము. ఐతే ఆయన బుష్షు బోల్టులను వదులుగానే ఉంచి చక్రాలు వేశాడు. ముందు చక్రాలను మందమైన వెడల్పు దిమ్మల మీదికి ఎక్కించి, కారు బరువంతా చక్రాల మీద నిలిచాక, అప్పుడు బిగించాడు. మా తమ్ముడు, “ఎందుకీ శ్రమ?” అన్నాడు.

“మనిసి కూకున్నాక గదేటి పంచె సర్దుకుంతాడు? ఇదీ అంతే,” అన్నాడు మేస్త్రీ.

ఎంత చక్కగా చెప్పాడో చూడండి! చక్రం గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, కారు కిందికి దిగగానే రబ్బరు మెలిపడిపోతుంది. ఇక రాత్రీ పగలూ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది. బరువు నిలిచాక బిగిస్తే రబ్బరుకు అదే విశ్రాంతి స్థానం ఔతుంది. ఆఖరున ఎంత బలంగా బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచితో ఒక్కొక్క నట్టూ సరిచూశాము. మర్నాడు ఊళ్ళో చక్రాల వరస సరిచేయించాము. కీళ్ళు మార్చినప్పుడు ఇది తప్పకుండా చేయించాలి.

సెలవుల్లో కోరాపుట్ వెళ్ళాము. ఘాటులో బ్రేకు తొక్కినప్పుడల్లా మా అమ్మాయి చెవులు రిక్కించి, నోటుపుస్తకంలో ‘ఏమీ లేదు’ అని రాసింది. అట్లా ఇరవైమూడు ‘ఏమీ లేదు’లు ఉన్నాయి.

పిల్లలూ! మీరు కారు జోలికి పోవద్దు గాని, మీ సైకిలు చప్పుడు చేస్తే ఇట్లా విని చూడండి. పెడలు ఒక చుట్టు తిరిగితే ఒక్కసారి ‘కిర్రు’మంటే తప్పు పెడలు దగ్గర ఉండవచ్చు. తొక్కటం మానేసినా చక్రం తిరిగినప్పుడల్లా వస్తే తప్పు చక్రం దగ్గర వెతకాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎన్నిసార్లు అనేది కాగితం మీద రాసుకుని మేస్త్రీ దగ్గరికి తీసుకుపొండి. సగం పని మీరు చేసినట్టే. మిగతా సగం ఆయన చేసి, మిమ్మల్ని మెచ్చుకుంటాడు.